అమ్మమ్మ వెండి దే

పత్రిక ఈ సంచికతో ఆగిపోతోంది. "అర్మెల్, మన చరిత్ర నువ్వు రాసెయ్. నీ చేతిలో పడితే అచ్చుతప్పులైనా ఉండవు" అన్నారు సంపాదకులు వియాల్తోన్ గారు. నిజానికి ఈ పత్రిక చరిత్రలో అన్నిటికన్నా పెద్ద తప్పు నేనే. ఆయన దాన్ని దిద్దకుండా ఆరేళ్లు ఉంచుకున్నారు.

మొదలు గురించి నేను విన్నది కొంచెమే. సెంతెతియెన్ యూనివర్సిటీ క్యాంటీన్లో నలుగురు కుర్రాళ్లు ఒక ఆట ఆడేవాళ్లు. ఒకడు కథ చెబుతుంటే మిగతావాళ్లు అందులో దొంగలుగా, మంత్రగాళ్లుగా మాట్లాడాలి. కత్తి తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆ కథల్నే టైపు చేసి, పిన్నులు కొట్టి, 'పదమూడో తలుపు' అని పేరు పెట్టి అమ్మారు. మొదటి సంచికలో పదకొండో పేజీ తలకిందులుగా పడింది. పాఠకులు అదేదో చిక్కుప్రశ్న అనుకుని మూడు నెలలపాటు జవాబులు పంపారట.

ఇరవై రెండో సంచికప్పుడు నేను చేరాను. ప్రకటనలో 'స్పెల్లింగ్ బాగా రావాలి' అని మాత్రమే ఉంది. మా ఊరి బడిలో నాకొచ్చిందల్లా అదే. పత్రిక పేరు చూసి వడ్రంగులది అనుకున్నాను. ఆఫీసు ఒక బేకరీ మీద, రెండో అంతస్తులో. వియాల్తోన్ గారు పైకి చదువుతూ నాచేత రాయించారు, ఒక్క తప్పూ రాలేదు.

"స్పెల్లింగ్ సరే. మరి సొంత దే ఉందా?" అని అడిగారు.

"ఉందండీ. మా అమ్మమ్మది. వెండిది."

ఆయన నోట్లో సిగరెట్టు ఒడిలో పడింది. బొమ్మలు వేసే యొలేన్ కుర్చీ తిప్పింది.

"అమ్మమ్మ కూడానా?" అన్నారాయన.

"రోజూ అండీ. ఆదివారం తప్ప."

"నువ్వెప్పుడు మొదలుపెట్టావు?"

"ఆరేళ్లప్పుడు. మొదట్లో రక్తం వచ్చేది."

"విన్నారా?" అంది యొలేన్. "మనం ప్లాస్టిక్‌వి పెట్టుకుని వీరుల్లా తిరుగుతున్నాం!"

మా భాషలో పాచికని 'దే' అంటారు. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే చిన్న టోపీ కూడా 'దే'నే. నేను చెప్పింది ఆ టోపీ గురించి. పత్రిక పేజీలు ఇక్కడే కుడతారేమో, అందుకే అడిగారనుకున్నాను.

మూడోరోజు యొలేన్ సంచీడు పాచికలు బల్ల మీద గుమ్మరించి, "ఇవీ మా బీద దేలు" అన్నప్పుడు గానీ తెలియలేదు. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. తీసేస్తే ఊరెళ్లి మామయ్య నేలమాళిగలో చీజు ముద్దలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవాలి. నోరు మూసుకున్నాను. నాకు బాగా వచ్చిన రెండో విద్య అదే.

మూడో నెలలో ప్రకటన వేశారు: 'ఇరవై అయిదో సంచిక ముఖచిత్రం: మన అర్మెల్ అమ్మమ్మ వెండి దే!' దాన్ని దిద్దింది నేనే. అందులో ఒక కామా సరిచేశాను కూడా.

ఆదివారం ఊరెళ్లి దే అడిగాను. "ఇన్నేళ్లయినా నీకు గుండీ కుట్టడమే రాలేదు, ఇదెందుకే?" అంది అమ్మమ్మ. జరిగింది చెప్పాను. బంగాళాదుంప తురుముతున్నది ఆపి నవ్వింది. "వెళ్లి నిజం చెప్పు. చెప్పలేవా, నోరు కుట్టేసుకో. సూది నేనిస్తా."

సోమవారం బల్ల మీద నల్ల మఖమల్ గుడ్డ పరిచి, యొలేన్ కెమెరాతో నిలబడింది. నేను దే పెట్టాను.

"ఇదేంటి?" అన్నారు వియాల్తోన్ గారు.

"దే అండీ."

యొలేన్‌కి ముందు అర్థమైంది. కెమెరా కింద పెట్టి, తనూ కింద కూర్చుని నవ్వింది. ఆయన నవ్వలేదు.

"రక్తం వచ్చిందన్నావు?"

"సూది గుచ్చుకునేదండీ."

"అయితే ఆట?"

"ఎప్పుడూ ఆడలేదండీ."

కోటు తీసుకున్నాను. ఆయన దే చేతిలోకి తీసుకుని చూస్తున్నారు. పాచికల మనుషులకి ఒక జబ్బుంది. చేతికి చిన్న వస్తువేది దొరికినా విసరకుండా ఉండలేరు. విసిరారు. దొర్లి పక్కకి పడుకుంది. మళ్లీ విసిరారు. ఈసారి బోర్లా నిలబడింది.

"యొలేన్, లే. ఇది మూడు రకాలుగా పడుతుంది! పక్కకి, బోర్లా, వెల్లకిలా. మూడు ముఖాల పాచిక లేదని పాఠకులు ఏళ్లుగా ఏడుస్తున్నారు కదా!"

ఊరుకుంటే సరిపోయేది. కానీ తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేను. "సమంగా పడదండీ. నూటికి ఎనభై ఏడుసార్లు పక్కకి, పదకొండుసార్లు బోర్లా, రెండేసార్లు వెల్లకిలా."

"నీకెలా తెలుసు?"

"నిన్న వంటింటి బల్ల మీద వేసి చూశానండీ. పాచికలా పడుతుందేమోనన్న ఆశతో."

"నూరుసార్లా?"

"రాసుకున్నాను."

ఆయన యొలేన్ వైపు చూశారు. "పన్నెండేళ్లుగా ఆడుతున్నాం. మనలో ఒక్కరైనా నూరుసార్లు వేసి చూశారా?" నా వైపు తిరిగారు. "కోటు తగిలించు. దీనికి నియమాలు నువ్వే రాయి. సగం పేజీ. మళ్లీ అబద్ధమాడితే మాత్రం పేజీలు నిజంగానే నీచేత కుట్టిస్తా."

రాశాను. పక్కకి పడితే ఏమీ కాదు, బోర్లా పడితే గెలుపు, వెల్లకిలా పడితే చావు. ఆ సాయంత్రం నాకు మొదటి పాత్ర ఇచ్చారు, ఒక దొంగ. మొదటిసారి విసిరాను. వెల్లకిలా పడింది.

ఆ సంచిక మొత్తం అమ్ముడుపోయింది. తర్వాత ఒక తల్లి ఉత్తరం రాసింది: 'మా వాడు నా దే ఎత్తుకుపోయాడు. మీ పత్రిక మూతపడాలి.' అందులో రెండు స్పెల్లింగ్ తప్పులున్నాయి, దిద్ది అచ్చువేశాను.

ఆ ఉత్తరం రాసిన అమ్మా, ఈ సంచిక చూస్తే మీ కోరిక తీరిందనుకోండి. మీ దే మాత్రం నా దగ్గర లేదు. నా దగ్గరున్నది మా అమ్మమ్మది. అదీ ఇంకా తిరిగివ్వలేదు.