ఎద్దు వెనక నలుపు

ఎమ్మిగనూరు జాతర బండలాగుడులో గెలిచిన తెల్ల ఎద్దుకు సిద్దప్ప ఫోటో తీయించాడు. పగ్గం పట్టుకుని పక్కన నిలబడ్డవాడు జీతగాడు ఈరన్న. వాడు పుట్టి బుద్ధెరిగాక దిగిన ఫోటో అదొక్కటే. ఉగాది లోపలే బండ కాలిమీదికెక్కి, చీము పట్టి పోయాడు. ఎద్దుకు చిన్న గీత కూడా పడలేదు.

ఫోటో పెద్దది చేయించడానికి సిద్దప్ప ఆదోని బయలుదేరితే, ఈరన్న పెండ్లాం హనుమక్క కాళ్లమీద పడింది.

"మా ఆయప్ప మొఖం ఒక్కటి సిన్నది తీపిచ్చి ఇయ్యప్పా. పిల్లోనికి వాళ్ల నాయిన ఎట్లుంటాడో తెలీదు."

"రా, నీ ఎదురుగానే సేపిస్తా," అన్నాడు. ఎంత దయ!

స్టూడియోలో మాబు సాబ్ నెగెటివును వెలుతురుకు పట్టాడు. అందులో ఎద్దు నల్లగా, ఈరన్న తెల్లగా ఉన్నారు.

"ఈడ అంతా తిరగబడి ఉంటాదక్కా."

"ఒక్కసారన్నా తెల్లగైనాడు," అని హనుమక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

సిద్దప్ప సాబు చెవిలో అన్నాడు. "తెల్ల ఎద్దు పక్కన తెల్ల పంచె ఏంది? ఎనకంతా నలుపు సెయ్. సచ్చినోడు నా గోడ మీద ఎందుకు?"

నెగెటివులో గీకేసిన చోటు ఫోటోలో కారునలుపవుతుంది. నలుపు ముదిరితేనే తెలుపు మెరుస్తుందని సాబుకు మహా గర్వం. బ్లేడు తీశాడు.

"మెరుగు పెడతాండావా సాబూ?"

"ఆఁ, అక్కా."

ఆమె అటు పోగానే సిద్దప్పతో అన్నాడు. "నల్లటోడు గదా, మొఖం బిరీన పోయింది. పంచెకే కష్టమాయె."

పటం గోడకెక్కింది. ఎద్దు చీకట్లోంచి దూకేట్టుందని అందరూ మెచ్చుకున్నారు. అడిగిన చిన్న ఫోటో చేతికి రాకపోయేసరికి హనుమక్క పిల్లవాడిని నడిపించుకుంటూ వచ్చి పటంలో వెతికింది.

"మా ఆయప్ప యాడప్పా?"

"ఆడే ఉండాడు సూడే. వాడూ నలుపే, ఎనకా నలుపే. కలిసిపోయినాడు," అని సిద్దప్ప పడీపడీ నవ్వాడు.

ఆమె నమ్మింది. పిచ్చిది, నమ్మక ఏం చేస్తుంది? ఎద్దు మెడ పక్కన, మొగుడి తల ఉండే ఎత్తు చూసుకుని అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టింది. "మీ నాయిన రా, మొక్కు," అని పిల్లవాడి చేతులు జోడించింది.

సిద్దప్ప భార్య సుభద్రమ్మ కేకేసింది. "పటమంతా పాడు సేస్తివే! తుడువ్."

హనుమక్క కొంగుతో తుడిచేసింది.

పిల్లవాడు తెల్ల ఎద్దును వేలితో చూపించి, "నాయిన," అన్నాడు.