నాగేందర్ సార్ రాయించుకున్న కాగితాలు

ఆదివారం మధ్యాహ్నం ప్రహ్లాద్ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోన్ వచ్చింది. చిక్కడపల్లిలో ఆయనకు కళ్లద్దాల దుకాణం ఉంది. కొత్త నంబరైతే గిరాకీ అనుకొని ఎత్తుతాడు. ఈసారి ఏదో జూనియర్ కాలేజీ మనిషి. పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు జనవరి నుంచే ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి కాబట్టి పెట్టేయబోయాడు. అవతలి మనిషి ఏదో అన్నాడు. ప్రహ్లాద్ అన్నం కలపడం ఆపి కూతురి వైపు చూశాడు.

"పాముల గురించి చదువుతవా బిడ్డా?"

అనూహ్య తలెత్తి చూసింది. ఆ సంగతి ఆమె నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. ఒకే ఒక్క కాగితం మీద రాసింది.

ఆ కాగితం రాయించింది నాగేందర్ సార్. నారాయణగూడలో వాళ్ల బడికి వచ్చి ఆయనకు మూడేళ్లు. సోషల్ చెబుతాడు. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుకుంటున్నాడు. ఎవర్నీ కొట్టడు, మార్కులు తక్కువొచ్చిన పిల్లలను నిలబెట్టి నవ్వులపాలు చేయడు. నెలనెలా ఒక్కో ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో చాయ్ తాగి వస్తాడు. సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు తలా ఒక తెల్ల కాగితం పంచి రెండే రెండు సంగతులు రాయమన్నాడు. బడిలో మీరు మరిచిపోలేని రోజు ఏది? మీరు ఏం కావాలనుకుంటున్నారు? ఇంట్లో చెప్పేది కాదు, నిజంగా మనసులో ఉన్నది రాయమన్నాడు. ఇవి తన దగ్గరే ఉంటాయని, వాళ్ల పెళ్లిళ్లకు తెచ్చి చూపిస్తానని చెబితే క్లాసంతా నవ్వింది.

అనూహ్య తన కాగితంలో ఏడో తరగతిలో ఆటసామాన్ల గదిలోకి పాము వచ్చిన రోజు గురించి రాసింది. అందరూ కర్రలు వెతుకుతుంటే, ఎవరో ఫోన్ చేసి పిలిపించిన మనిషి దాన్ని నిద్రపోయే పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి సంచిలో వేసుకుపోయాడు. అలాంటి పని చేయాలని ఉందనీ, తనను డాక్టర్ని చేయాలనుకుంటున్న డాడీకి చెప్పడానికి భయమనీ రాసింది. ఇప్పుడా భయం సంగతి కూడా డాడీకి ఫోన్‌లోనే చేరింది. బైపీసీ తీసుకుంటే అన్నిటికీ దారి ఉంటుందని, సీట్లు అయిపోతున్నాయని ఆ మనిషి చెప్పాడట. ప్రహ్లాద్ కోప్పడలేదు. నాకెందుకు చెప్పలేదని మాత్రం అడిగాడు. దానికే ఆమెకు అన్నం సయించలేదు.

సోమవారం అనూహ్య స్నేహితురాలు భాను బడికి రాలేదు. సాయంత్రం అనూహ్య వాళ్లింటికి వెళ్లింది. భాను వాళ్లు చిక్కడపల్లిలోనే, మార్కెట్ వెనక సందులో రెండు గదుల్లో కిరాయికి ఉంటారు. భాను గడప మీదే కూర్చొని ఉంది. ఎడమ చెంప కింద కమిలి ఉంది. వాళ్ల నాన్న బాలకిషన్‌కు కూడా ఫోన్ వచ్చిందని, మీ అమ్మాయికి ఇంట్లో ఉండటం ఇష్టం లేదంట, మా దగ్గర మంచి హాస్టల్ ఉంది అని ఆ మనిషి చెప్పాడని భాను గోడను చూస్తూ చెప్పింది. ఆయన అప్పటికే తాగి ఉన్నాడు. నా ఇంట్లో నీకేం తక్కువైందని సందులో అందరి ముందూ అడిగాడు. పుస్తకాల సంచి సందులోని మురికి మోరీలో వేశాడు.

"సార్ ఒక్కడే చదువుతడనుకున్న" అంది భాను. లోపల వాళ్లమ్మ తడిసిన పుస్తకాలను ఒక్కొక్క పేజీ విడదీసి ఫ్యాను కింద ఆరబెడుతోంది. మోరీ వాసన ఇంటి నిండా ఉంది.

మంగళవారం బడి కాగానే అనూహ్య అశోక్‌నగర్ వెళ్లింది. కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్స్ దుకాణాలు దాటుకుంటూ పోతే సార్ ఉండే హాస్టల్ కింద చాయ్ బండి దగ్గరే కనిపించాడు. ఆమెను చూసి సంతోషంగా లేచి, స్టూల్ తుడిచి కూర్చోమని, చాయ్ చెప్పాడు. అనూహ్య ఒక గుక్క తాగాక, మా కాగితాలు కావాలి సార్ అంది.

నాగేందర్ తన చాయ్ గ్లాసు బండి మీద పెట్టాడు. బుకాయిస్తాడని ఆమె అనుకుంది. బహుశా అలా బుకాయించాలని కోరుకుంది కూడా. ఆయన బుకాయించలేదు.

"ఫోన్ వచ్చిందా మీ ఇంటికి? మంచి కాలేజే బిడ్డా. నేనేం ఖరాబ్ దాంట్ల ఏస్త లేను గద మిమ్మల్ని."

ఆ కాలేజీవాళ్లు తనకు లెక్చరర్ పోస్టు ఇస్తామన్నారని, ఇరవై మంది పిల్లలను చేర్పిస్తే చాలన్నారని ఏదో ఊరి కబురు చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆరేళ్ల నుంచి పరీక్షలు రాస్తున్నానని, ఒకటి వాయిదా పడితే ఇంకొకటి రద్దవుతుందని, ఊరికి పోతే ముఖం చూపించలేకపోతున్నానని చెప్పాడు. అది నిజమే కావచ్చు. అనూహ్యకు జాలి కలిగేదే. భాను చెంప సంగతి చెప్పినప్పుడు ఆయన అయ్యో అని, వెంటనే, "అందుకే హాస్టలే మంచిదంటున్న ఆ పిల్లకు" అనకపోయి ఉంటే.

ఆయన పైకి వెళ్లి అట్ట ఫైలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఫొటోలు ఎప్పుడో పంపిన. ఇగ వీటితోని నాకు పనేం లేదు, తీస్కపో."

రోడ్డు మలుపు తిరిగాక, మూసి ఉన్న దుకాణం మెట్ల మీద కూర్చొని ఆమె ఫైలు తెరిచింది. ముప్ఫై ఎనిమిది కాగితాలు. ప్రతి కాగితం కింద ఎర్ర సిరాతో రెండు మూడు వరుసలు. ఆ చేతిరాత ఆమెకు బాగా తెలుసు. తన జవాబు పత్రాల మీద 'శభాష్' అని రాసిన చేయే.

ఆమె కాగితం కింద ఇలా ఉంది: 'ఒక్కతే బిడ్డ. కళ్లద్దాల దుకాణం. తండ్రి మెత్తటి మనిషి, తల్లితో మాట్లాడాలి.' భాను కాగితం కింద: 'తండ్రి తాగుతాడు. తల్లికి భయం. హాస్టల్ అంటే ఈ అమ్మాయి కాదనదు.'

సార్ తమ ఇంట్లో సోఫా మీద కూర్చొని అమ్మ చేసిన సకినాలు బాగున్నాయంటూ తిన్నది ఈ సంగతులు పోగు చేసుకోవడానికా అనుకుంది. ఇందాకటి చాయ్ గొంతులోకి వచ్చింది. మెట్ల పక్కన ఉమ్మేసింది. అయినా వెగటు పోలేదు. ఆపుకోలేక మిగిలిన కాగితాలన్నీ కూడా ఒక్కొక్కటే చదివింది.

బుధవారం వీడ్కోలు సభ. పైఅంతస్తు హాల్లో వేదిక వెనక ఆ కాలేజీ బ్యానరే కట్టారు. సభకు ముందు క్లాసులో అనూహ్య ఎవరి కాగితం వాళ్లకిచ్చి, జరిగింది చెప్పింది. పెద్ద గొడవ అవుతుందనుకుంది. కుమారస్వామి తన దాని కింద ఉన్న 'ఎక్కడ చేరినా ఫెయిలే, టైం వేస్ట్' అన్నది గట్టిగా చదివి నవ్వి, ఆ తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి ఇక వెనక్కి తిరగలేదు. మంజుల తన కాగితం కింది ఎర్ర వరుసలు మాత్రం చించి, తను రాసుకున్నది సంచిలో పెట్టుకుంది. కొందరు అన్ని కాలేజీలూ గింతే అన్నారు. నలుగురు అప్పటికే చేరిపోయారట.

భాను ఆ రోజు వచ్చింది. కాగితం చదివి నాలుగు మడతలు పెట్టింది.

"నువ్వు చదివినవా?"

"చదివిన."

"అందరియి?"

అనూహ్య చేతిలోని ఖాళీ ఫైలు మూసింది. భాను లేచి వేరే బెంచీకి వెళ్లిపోయింది. సార్ మీద ఉన్న అసహ్యమే అనూహ్యకు తన మీద తనకు కలిగింది.

సభలో ప్రిన్సిపాల్ దమయంతి మేడం ఒక్కొక్కరినే పిలిచి, బడి జ్ఞాపకం ఒకటి, లక్ష్యం ఒకటి చెప్పమంది. నాగేందర్ ముందు వరసలో నిలబడి ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. గంట క్రితం ఆ ఎర్ర రాతలు చదివిన పిల్లలే వేదికెక్కి ఇంజనీర్ అన్నారు, డాక్టర్ అన్నారు, టీచర్లందరికీ ధన్యవాదాలు చెప్పి దిగారు. అనూహ్య వంతు వచ్చింది.

"నా జ్ఞాపకం, నేనేం కావాలనుకుంటున్ననో రెండూ నాగేందర్ సార్ కాలేజోళ్లకు పంపిండు. నా దగ్గర ఇగ చెప్పనీకి ఏం లేదు" అంది.

హాల్లో కొందరు అది హాస్యమనుకొని నవ్వారు. మేడం తర్వాతి పేరు చూసుకుంది. నాగేందర్ కూడా నవ్వి, ఫోన్ చంకలో పెట్టుకొని చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు ఆమె మెట్లు దిగేదాకా ఆగలేదు.

భాను పైకి వెళ్లి, నాగేందర్ సార్ పాఠం బాగా చెబుతారని, తను ఆ కాలేజీ హాస్టల్లోనే చేరుతున్నానని చెప్పి దిగింది. గ్రూప్ ఫొటో కోసం అందరూ వరసలు కడుతుంటే అనూహ్య ఆమెను పక్కకు లాగింది. నీకు రోత పుట్టడం లేదా అని అడిగింది.

"పుడుతుంది" అంది భాను. "గాని మా ఇంట్ల ఉండుడు కన్న గది నయం. ఆయన రాసింది నిజమే గద."

అనూహ్య ఫొటోలో నిలబడలేదు. చెప్పులు వేసుకొని నారాయణగూడ చౌరస్తా మీదుగా ఇంటికి నడిచింది.

జూన్‌లో ఆమె సర్కారు కాలేజీలో బైపీసీలో చేరింది. ఫోన్లు చేసిన కాలేజీ వద్దని తనే గట్టిగా చెబితే ప్రహ్లాద్ సరేనన్నాడు. భాను హాస్టల్‌కు పోయింది. నాగేందర్‌కు అక్కడే పోస్టు వచ్చింది. సీఈసీ పిల్లలకు సివిక్స్ చెబుతాడు. ఆదివారాలు వార్డెన్ ఫోన్ నుంచి భాను అనూహ్యతో మాట్లాడుతుంది. ఒకసారి, ఇక్కడ రాత్రి నిద్ర మంచిగ పడుతుంది అంది. ఇంకోసారి, సార్ పౌరుల హక్కుల పాఠం మొదలుపెట్టిండు, నిన్ను గూడ అడిగిండు అంది.

"ఏం చెప్పినవ్?" అని అడిగింది అనూహ్య.

"నువ్వెట్లున్నవో నాకు తెల్వదని చెప్పిన."

ఈసారైనా తన సంగతి ఆయనకు చేరలేదు. అదొక్కటే మంచి పని అనిపించింది అనూహ్యకు.