నీళ్ళు బంద్ అయ్యే రోజులు

పప్పులో గరిటె తిప్పుతుంటే వెనకనుంచి భర్త రాజారత్నం అన్నాడు: "ఏదో కొండ తవ్వబోతున్నట్టు మొఖం పెడ్తవేంది? కుర్సీల కూసొని మీటలు నొక్కుడే గద."

రూతమ్మ తిరిగి చూడలేదు. పప్పు దించింది. బడిపంతులైన భర్తకు, ఇద్దరు పిల్లలకు, తనకు టిఫిన్లు కట్టింది. అత్త దేవమ్మ మోకాలికి నూనె వేడి చేసి పెట్టింది. తొమ్మిదయింది. మిర్యాలగూడ బస్టాండు వెనక ఉన్న ఆఫీసుకు గబగబా నడిచింది.

అది సాగర్ కాలువకు సిమెంటు లైనింగు వేయించే కాంట్రాక్టరు ఆఫీసు. ఆరేళ్ళుగా ఆమె అక్కడ టైపిస్టు. ఆ వారమే కంప్యూటరు వచ్చింది, దాంతోపాటు హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు. ఏ పని ఎప్పుడు జరుగుతుందో, ఎంత సిమెంటు, ఎందరు కూలీలు కావాలో ముందే చూపించే ప్రోగ్రాము అందులో ఉంది. కానీ మొదట ఏడాదిని ముక్కలు చేసి దానికి చెప్పాలి. ఒక్కో ముక్క ఒక పీరియడ్. ఒకదానిలో మిగిలిన పనిని అది తనంతట తానే తర్వాతి దానిలోకి తోసేస్తుంది.

ఇంజనీరు ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు సమాన ముక్కలు కొట్టాడు. తెర నిండా పచ్చటి అంకెలు పరుచుకున్నాయి. వెనక నిలబడి చూస్తున్న రూతమ్మకు ఆగస్టు గడిలో కాంక్రీటు పని కనిపించింది.

"సార్, ఆగస్టుల కాలువ నిండ నీళ్ళుంటయి. కాంక్రీటు ఏడ పోస్తరు?"

కోదాడ నుంచి వచ్చిన మేనేజరు నవ్వాడు. "ఆవిడ కాలువ షట్టర్లు చూసే లష్కరు కూతురండీ. కాలువ ఎప్పుడు పారుద్దో, ఎప్పుడు ఎండుద్దో ఆవిణ్ణే అడగండి."

ఇంజనీరు నవ్వలేదు. లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు.

రూతమ్మ కూర్చుంది. నీళ్ళు పారే నెలలన్నీ కలిపి రెండే పెద్ద ముక్కలు చేసింది. వానాకాలం పంటకు ఒకటి, యాసంగికి ఒకటి. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ ఆఖరు దాకా కాలువ ఎండే రోజులను మాత్రం వారం వారంగా పదకొండు ముక్కలు కోసింది. చేసే పనంతా ఆ పదకొండింటిలోనే. కాంక్రీటు వెళ్ళి వాటిలో సర్దుకుంది.

"హైదరాబాదులో దీనికి పదిహేను రోజుల ట్రైనింగుంది, సోమవారం నుంచి," అన్నాడు ఇంజనీరు. "లేడీస్ హాస్టల్లో ఉండొచ్చు. మీ పేరు రాయనా?"

"ఇంట్ల అడిగి చెప్త సార్."

"శనివారం లోపల చెప్పండి."

ఆ సాయంత్రమే అడిగింది.

"పదిహేను రోజులా? మాకు అన్నం ఎవరొండాలె, నీ కంప్యూటరా?" అన్నాడు రాజారత్నం. "నాకు పరీక్షల డ్యూటీ పడ్తది. అయినంక సూద్దాం."

"నా కాలు జర నయమైనంక పోదువు తియ్యి బిడ్డా," అంది దేవమ్మ. ప్రేమగానే అంది.

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. రూతమ్మ తెర ముందు ఒక్కతే కూర్చుంది. అయినంక. ఆ మాట ఆమెకు కొత్త కాదు. టైపు లోయరు పాసైన ఏడాది హయ్యరు కడతానంటే లగ్గమైనంక అన్నారు. లగ్గమైతే కాన్పైనంక. కాన్పైతే చిన్నోడు బడికి పోయినంక. ఆ కోరిక పద్నాలుగేళ్ళుగా ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరుగుతూనే ఉంది. ఆమెకు ఏం కావాలి? ఆ హాస్టల్లో ఎవరో కొట్టిన గంటకు లేవాలి. ఎవరో వండిన అన్నం కంచంలో పెట్టించుకోవాలి, ఉప్పు తక్కువైతే తానూ ఒకసారి ముఖం చిట్లించాలి. గదికి వచ్చి పుస్తకం తెరిస్తే, ఆ పేజీ అయ్యేదాకా ఎవరూ పిలవకూడదు. చిన్నప్పుడు త్రిపురారంలో కాలువ ఎండగానే అడుగుకు దిగి ఒక్కతే నడిచేది. పగుళ్ళిచ్చిన ఒండ్రు మీద గవ్వలు, ఎవరో పోగొట్టుకున్న కాలి మెట్టె. అంతటి కాలువకూ ఏడాదికి రెండున్నర నెలలు సెలవుంది. నీళ్ళు ఆపితేనే గదా పగుళ్ళు కనపడేది, బాగుచేసేది. తన ఇంట్లో మాత్రం పన్నెండు నెలలూ పారుడే.

నీళ్ళు ఆపే ముందు నాయిన సైకిలు మీద ఊరూరా తిరిగేవాడు. సైకిలు దిగేవాడు కాదు. ఒక కాలు నేలకు ఆనించి, "ఎల్లుండి నీళ్ళు బంద్. కుండలు నింపుకోండ్రి," అనేవాడు. రైతులు తిట్టేవాళ్ళు. ఇంకో తడి అయినంక ఆపమనేవాళ్ళు. నాయిన విని, పెడల్ తొక్కి ముందుకు పోయేవాడు. అన్నమాట ప్రకారం షట్టరు దిగేది. ఆపనా అని ఆయన ఏ ఊళ్ళోనూ అడగగా ఆమె వినలేదు.

రూతమ్మ లేచి ఇంజనీరు బల్ల దగ్గరికి వెళ్ళింది. "రాయండి సార్, నా పేరు."

ఇంటికి వచ్చేసరికి రాజారత్నం పేపరు చదువుతున్నాడు. దేవమ్మ కాలు చాపుకుని కూర్చుంది. రూతమ్మ లోపలికి పోలేదు. చెప్పులు విడవకుండా గడపలోనే నిలబడింది.

"సోమవారం పొద్దుగాల బస్సుకు హైదరాబాదు పోతున్న. పదిహేను రోజులు. చింతపండు, కారం పై అరలున్నయి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పొయ్యాలె."

రాజారత్నం పేపరు దించాడు. "ఎవర్ని అడిగి పోతున్నవ్?"

"అడుగుతలేను," అంది రూతమ్మ. "చెప్తున్న."