చప్పుడు లేని చదువు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అటు పుట్టింటివాళ్ళు, ఇటు అత్తింటివాళ్ళు అంటారు. ఉంటే ఉంది. ఆ కోపంతోనే రెండేళ్ళ కిందట మా హరికిరణ్‌ని బడి మానిపించాను. వాడికప్పుడు ఆరేళ్ళు, ఉబ్బసం. తరగతిలో ఊపిరాడక గిలగిల్లాడుతుంటే సంచిలో ఉన్న మందు తీసి ఇవ్వడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. అదేమని అడిగితే, ఇంతమందిలో ఎవరెవర్నని చూస్తామన్నారు. అయితే నా ఒక్కణ్ణి నేనే చూసుకుంటానని చెప్పి, వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

నేను డిగ్రీ చదివాను. ఇద్దరు పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పుకోలేనా అనుకున్నాను. అన్న చదువుకుంటుంటే మూడున్నరేళ్ళ పద్మశ్రీ, మా పద్దు, తనూ ఒక పలక పట్టుకుని వచ్చి కూర్చుంది. అలా మా ఇంట్లో బడి మొదలైంది.

తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, ఇల్లు చూస్తే ఒక గది, ఒక వంటిల్లు. ఈ హిందీ ఊళ్ళో, బిర్సానగర్‌లో, మాకు అందే అద్దె ఇల్లు అదే. ఆ ఒక్క గదిలో ఒక మంచం, పగలంతా ఆ మంచం మీద మా ఆయన.

ఆయన పేరు సూర్యప్రకాష్. పేరుకే సూర్యుడు, బతుకంతా నైట్ డ్యూటీ. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద క్రేన్ నడుపుతారు. షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద తిరిగే క్రేన్ అది. కరిగిన ఇనుముతో నిండిన పెద్ద గంగాళాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి మోసుకెళ్ళాలి. పైన ఈయనకి ఒక్క కునుకు పడితే కింద మనుషులు మిగలరు. పొద్దున్న ఏడున్నరకి వచ్చి, నాలుగు ముద్దలు తిని పడుకుంటే మధ్యాహ్నం మూడింటిదాకా ఆయన్ని లేపకూడదు. ఇది మా ఇంటి చట్టం.

మరి పిల్లల చదువెప్పుడు? సాయంత్రమైతే నీళ్ళు పట్టుకోవడం, వంట, ఆయన క్యారేజీ, మధ్యలో పిల్లల ఆటలు, దెబ్బలాటలు. పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా మాత్రమే నాకు ఊపిరి సలిపేది. సరిగ్గా అప్పుడే ఆయన గాఢనిద్రలో ఉంటారు.

అందుకని చప్పుడు లేని బడి పెట్టాను. కుక్కర్ అటకెక్కించి అన్నం గిన్నెలో వార్చడం మొదలుపెట్టాను. మిక్సీ సాయంత్రం తప్ప వేసేదాన్ని కాదు. వాకిట్లో కాలింగ్ బెల్ వైరు పీకేశాను. పాలాయన కూడా తలుపు కొట్టడు, కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపుతాడు. ఇక పాఠాలన్నీ పెదాలతోనే. అక్షరం పలక మీద రాస్తాను, దాన్ని పెదాలతో పలుకుతాను, గొంతు మాత్రం రానివ్వను. పిల్లలు నా నోటివైపు చూసి పట్టుకుంటారు, పెదాలతోనే తిరిగి అప్పజెబుతారు. తప్పయితే నేల మీద వేలితో ఒక్కసారి కొడతాను, ఒప్పయితే రెండుసార్లు. ఏడాది తిరిగేసరికి మేం ముగ్గురం ఎంత ఆరితేరామంటే, నేను వంటింట్లో కూర తరుగుతూ గదిలో ఉన్న పద్దు చేత అంకెలు అప్పజెప్పించుకునేదాన్ని.

"నీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారంటే ఎవులూ నమ్మరే ఉమా. ఏటి పెంపకమే తల్లీ, సప్పుడే ఇనబడదు" అనేది పక్కింటి భద్రమ్మ పిన్ని. నేను పొంగిపోయేదాన్ని.

పిల్లకి మాటలు రావేమోనన్న అనుమానం ఎవరికైనా ఎందుకొస్తుంది? మూడు దాటి వాళ్ళ నాన్న లేచారంటే పద్దు నోటికి మూత ఉండదు. వీధిలో పిల్లలతో హిందీ, ఇంట్లో తెలుగు, కుక్కతో రెండూ. వసపిట్ట అనేవారు మా ఆయన.

ఈ మార్చిలో పద్దుకి ఐదున్నర దాటాయి. ఒక సాయంత్రం ఆయన టీ తాగుతూ మాట కదిపారు.

"ఉమా, ఆడంటే జబ్బు మనిషి, సరే. దీన్నయినా బడిలో ఏద్దుమేటి?"

"బడిలో ఏటి సెప్తారండీ? నా కన్నా బాగా సెప్తారేటి?" నాకు ఒళ్ళు మండింది. "కూడికలు పది దాకా వచ్చు దీనికి. అంకెలు నూరు దాకా వచ్చు. అడిగి సూడండి కావాలంటే."

"నానడిగితే ఏటి తెలుత్తాదే నాకు? బయటోలు సూసి సెప్పాల. ఆ మెయిన్ రోడ్డు కాడ బడిలో ఒకటో క్లాసుకి టెస్ట్ ఎడతన్నారంట. తీసుకెల్లు. ఆలు బాగుందంటే ఇంట్లోనే సెప్పుకో, నానింకెప్పుడూ అడగను. నేదంటే ఇద్దరూ బడికే. మందు సంగతి బడోలకి నానే సెప్తాను."

"అలాగే" అన్నాను. ఇంట గెలిచాను, రచ్చ గెలవడం ఎంతసేపు అనుకున్నాను. ఆ రాత్రే పద్దు గౌను ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాను.

గురువారం పొద్దున్న హరిని భద్రమ్మ పిన్ని దగ్గర ఉంచి, పద్దుని తీసుకుని వెళ్ళాను. టెస్ట్ పెట్టే మేడమ్ మంచావిడే. పద్దుని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం తీసింది. నన్ను ఎదురు కుర్చీలో కూర్చోమంది.

"బేటా, యే క్యా హై?" అంటూ చిలక బొమ్మ మీద వేలు పెట్టింది.

పద్దు చెప్పింది. తోతా అని స్పష్టంగా చెప్పింది. నేను బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టాను. మేడమ్ నా వేలివైపు చూసి పేజీ తిప్పింది. ఏనుగు. పద్దు హాథీ అంది. నేను రెండుసార్లు కొట్టాను. ఒకటి నుంచి ఇరవై దాకా చెప్పమంటే పద్దు ఎక్కడా తడబడకుండా చెప్పేసింది. నా గుండె గాలిపటంలా ఎగిరింది. ఇక ఆయన నోరెత్తరు అనుకున్నాను.

మేడమ్ పుస్తకం మూసింది. "బచ్చీ బోలేగీ నహీ క్యా?" అని అడిగింది, పిల్ల మాట్లాడదా అని.

నాకు అర్థం కాలేదు. "బోలీ తో, మేడమ్" అన్నాను. "చెప్పింది కదా, అన్నీ కరెక్టుగానే చెప్పింది."

ఆవిడ నన్ను ఒక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఆ తర్వాత చాలా మెల్లగా, నాకేదో ప్రమాదం గురించి చెబుతున్నట్టుగా అంది. "మైనే కుఛ్ నహీ సునా. ఇస్కే మూహ్ సే ఆవాజ్ హీ నహీ నిక్లీ."

నోట్లోంచి శబ్దమే రాలేదట.

నేను పద్దువైపు తిరిగాను. "పది దాకా మళ్ళీ సెప్పమ్మా" అన్నాను. పద్దు చెప్పింది. ఈసారి నేను కళ్ళు మూసుకున్నాను. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, పక్క గదిలో ఎవరో కుర్చీ లాగిన చప్పుడు వినబడ్డాయి. నా కూతురి గొంతు మాత్రం లేదు. కళ్ళు తెరిచేసరికి అది పది దగ్గర ఆగి, నా వేలికోసం ఎదురుచూస్తోంది.

మేడమ్ కాగితం మీద చెవి, గొంతు చూసే డాక్టరు పేరు రాస్తోంది. అప్పుడు పద్దు నా కొంగు లాగి, "అమ్మా, దాహమేత్తంది, నీల్లు కావాల" అని గది మారుమోగేలా అంది.

మేడమ్ చేతిలో కలం ఆగిపోయింది. నావైపు, పిల్లవైపు, మళ్ళీ నావైపు చూసింది. ఏమని చెప్పను? మా ఆయన నిద్ర కోసమని చెప్పనా? ఆవిడే చివరికి డాక్టరు కాగితం చించేసి, సోమవారం మళ్ళీ తీసుకురమ్మంది. ఇంకొక్క అవకాశం ఇస్తానంది.

బడి గేటు బయట పద్దుని చెట్టు నీడలో నిలబెట్టి అడిగాను. "గట్టిగా ఎందుకు సెప్పలేదే?"

"సెప్పాను కదా."

"గొంతుతో సెప్పాల కదే."

పద్దు నన్ను వింతగా చూసింది. "సదువుకి గొంతుంటాదేటమ్మా?" అని అడిగింది.

అది వెటకారం కాదు. మొండితనమూ కాదు. నిజంగా తెలియక అడిగింది. నీళ్ళకి రంగుంటుందా అని అడిగినట్టు అడిగింది. మాటకి గొంతు, చదువుకి పెదాలు. రెండేళ్ళు కష్టపడి నా బిడ్డకి నేను నేర్పింది అదీ. నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చేశాను. ఆటోవాళ్ళు చూస్తున్నా ఆగలేదు.

ఆ సాయంత్రం, మర్నాడు, ఆ మర్నాడు దాన్ని కూర్చోబెట్టి ప్రయత్నించాను. బెల్లం ఆశ పెట్టాను, బతిమాలాను. ఆకలైతే అరుస్తుంది, అన్నతో తగువైతే వీధంతా వినబడేలా ఏడుస్తుంది. పలక ముందు పెడితే మాత్రం పెదాలే. గొంతు తెరిపిద్దామని నేనే గట్టిగా ఒకటి, రెండు అని మొదలుపెడితే, అది గబుక్కున వచ్చి అరచేత్తో నా నోరు మూసింది.

"నీకు తెలీదురా?" అని హరి మీద పడ్డాను. "బడిలో ఏడాది సదివినావు కదా. సెల్లి ఇలా ఐపోయిందని నాకు సెప్పొద్దేటి?"

వాడు చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. "ఆప్ హీ తో బోలే థే, మమ్మీ. ఆవాజ్ నహీ."

శబ్దం చెయ్యొద్దని చెప్పింది నువ్వే కదా అన్నాడు.

మా ఆయనకి మూడు రోజులూ చెప్పలేదు, అడిగితే సోమవారం మళ్ళీ రమ్మన్నారని మాత్రం అన్నాను. ఆదివారం పొద్దున్న ఆయన డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుని వచ్చాక ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. ఆయన కంచం ముందు నుంచి లేచారు. వెళ్ళి పడుకోలేదు. మంచం మీద కూర్చుని పద్దుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఏదమ్మా, నాకు సెప్పు. ఏటి నేర్సుకున్నావో నానింతాను."

పద్దు ఆయన ముఖంలోకి చూసి పెదాలు కదిపింది. ఆయన వంగి చూశారు. మళ్ళీ కదిపింది. ఆయన తలెత్తి నన్ను అడిగారు. "ఏటంతన్నాది?"

పడుకో నాన్నా, నేను సప్పుడు సెయ్యను అంటోంది అది. హరికి అర్థమైంది, నాకు అర్థమైంది. ఆయన ఒక్కరికే అర్థం కాలేదు. ఆయన కళ్ళెదుటే, ఆయన మంచం చుట్టూ, ఆయన పిల్లలు ఆయనకి రాని భాష ఒకటి మాట్లాడుకుంటూ పెరిగారు. నేను చెబితే ఆయన విన్నారు. ఆ ముఖం నేను చూడలేకపోయాను.

తర్వాత గోడ మీదున్న అంకెల పటం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "సరే, నువ్వు సెప్పకు. నానే సెప్తాను, నువ్విను" అని గట్టిగా చదవడం మొదలుపెట్టారు. ఆయన ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివిన మనిషి. పనిలో బరువులు, నంబర్లు అన్నీ హిందీలోనే. తెలుగు అంకెలు ఇరవై దాటితే ఆయనకి తడబాటే. ముప్పై ఐదుకి తల గోక్కున్నారు, ముప్పై ఏడుకి నావైపు చూశారు. పద్దు ఆయన ఒళ్ళో పటం మీదకి వంగి, ఆయన వేలు ఎటు పోతే అటు చూస్తోంది.

"ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. యాభై" అన్నారాయన.

"నలభై" అంది పద్దు.

గొంతుతో అంది. మాటల గొంతు కాదది, నేనెప్పుడూ వినని సన్నటి గొంతు. రెండేళ్ళుగా దానికి చదువు చెబుతున్న నేను అది ఒక అంకెని పలకగా వినడం అదే మొదటిసారి.

పద్దు చటుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది. నాన్నవైపు చూడలేదు, నావైపు చూసింది. మెల్లగా మంచం దిగింది. నీళ్ళ డ్రమ్ము పక్కకి వెళ్ళి, గోడకి ముక్కు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"అదేటి, అటెల్లి నిలబడ్డాది?" అని ఆయన అడిగారు.

ఇది నేను మీకూ ముందే చెప్పాల్సింది. గుర్తు లేక కాదు, సిగ్గేసి చెప్పలేదు. ఆ పెదాల చదువు ఊరికే రాలేదు. మొదట్లో దాని గొంతు పైకి లేచిన ప్రతిసారీ దాన్ని నేను అక్కడే నిలబెట్టాను. మూడున్నరేళ్ళ పిల్లని. అప్పటికీ వినకపోతే పిక్క మీద ఒక్కటి వేసేదాన్ని. ఆయన నిద్ర కోసమే అనుకునేదాన్ని. హరికి కూడా తెలుసు. తెలియనిది నిద్రపోతున్న ఆయనకే.

"నేనే నిలబెట్టేదాన్నండీ" అన్నాను. "కొట్టాను కూడా. తప్పంతా నాదే."

ఆయన ఒళ్ళోని పటం తీసి మంచం మీద పెట్టేశారు. తిట్టినా బాగుండేది. నేను వెళ్ళి పద్దు పక్కన నేల మీద కూలబడి, భుజాలు పట్టుకుని దాన్ని నావైపు తిప్పుకున్నాను. "నిన్నింకెవులూ ఏటీ అనరమ్మా. నలభై తరవాత ఏటి?" అని గొంతెత్తి అడిగాను.

పద్దు చాలాసేపు ఆలోచించింది.

"నలభై ఒకటి" అంది, నా కుడిచేతి మీద నుంచి చూపు తిప్పకుండా.