పాము రాని గొంగడి

ఎల్లారెడ్డిలో బీరయ్య నేసిన గొంగడి కప్పుకుంటే చలి గడప దగ్గరే నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగి పోతుందని చెప్పుకునేవారు. అది కాస్త ఎక్కువ మాటే. తక్కువ మాట ఏమిటంటే, ఆ గొంగడి కొనే నాథుడు లేకుండా పోయాడు. మిల్లు రగ్గులు మెత్తమెత్తగా వచ్చి మంచాలెక్కాయి. గొంగడి గుచ్చుకుంటుందని పిల్లలు మొహం తిప్పుకున్నారు. వాడకట్టులో మగ్గాలన్నీ ఒకటొకటే మూలకు చేరి, చివరికి బీరయ్యది మిగిలింది. అదీ ఆగితే ఆయనకు ఉన్ని వడికిచ్చే లింగవ్వ రాట్నం ఆగుతుంది, ఆమె వెనక ఇంకో రెండు మూడిళ్ల రాట్నాలూ ఆగుతాయి. మగ్గం ఆగొద్దు. బీరయ్యకు పొద్దున లేస్తే అదొక్కటే యావ.

ఆయన మేనల్లుడు శైలేందర్ కామారెడ్డి బస్టాండు దగ్గర చిన్న గది తీసుకుని దుకాణాలవాళ్లకు వెబ్‌సైట్లు చేసిస్తాడు. మామ గొంగళ్లకూ ఒకటి చేశాడు. ఫొటోలు పెట్టాడు, ఫోన్ నంబరు పెట్టాడు. ఏం లాభం? గూగుల్‌లో గొంగడి అని కొడితే మిల్లు రగ్గులే ముందు వరుసలో కూర్చునేవి. బీరయ్య సైటు కనబడాలంటే వేలు అరిగేదాకా కిందికి జరపాలి. అంత లోతుకు పాతాళంవాళ్లు తప్ప గిరాకీలెవరు వస్తారు?

శైలేందర్ తల గోక్కుని ఉపాయం చెప్పాడు. మనం రాసిన నాలుగు ముక్కలు సరిపోవు, సైటుకు వచ్చినవాళ్ల చేతనే రాయించాలి. జనం ఏ మాటలతో వెతుకుతారో, రాయమంటే ఆ మాటలతోనే రాస్తారు. రోజూ కొత్త రాత పడుతుంటే గూగుల్ కూడా రోజూ వచ్చి తొంగిచూస్తుంది, చూసినకొద్దీ పైకి లేపుతుంది. అట్లా ‘మీ గొంగడి ముచ్చట’ అని ఒక పేజీ తెరిచాడు. బీరయ్యకు ఒక్కటే పని అప్పగించాడు. రాసినవాళ్లందరికీ కింద జవాబు ఇవ్వాలి, లేకపోతే వాళ్లు మళ్లీ ఆ గడప తొక్కరు.

ముచ్చట పెట్టమంటే మనవాళ్లు వెనకాడుతారా? ఒకాయన తన తాత గొంగట్లో వాన నీళ్లు పట్టి బర్రెను కడిగాడని రాశాడు. ఇంకొకాయన, చిరుతపులి గొంగడిని కరిచి, పళ్లు ఇరుక్కుని, తెల్లారేదాకా ఏడ్చిందని రాశాడు.

బీరయ్య గొర్ల మంద దగ్గర పెరిగినవాడు. మంద కాడ ఒకడు కథ చెబుతుంటే వినేవాడు ఊ కొట్టాలి. ఊ ఆగిందా, చెప్పేవాడు అలుగుతాడు. కథ నడుమ అబద్ధమని నోరు జారినవాడికి మరునాడు అంబలి పోసే దిక్కుండదు. ఆ మర్యాద ఎముకల్లో ఉన్న మనిషి కనుక, ఆయన ప్రతి ముచ్చట కిందా ‘నిజమే బాపు’ అని రాశాడు. బర్రె కిందా అదే, చిరుతపులి కిందా అదే.

అట్లాంటి రోజుల్లోనే ఎవరో ఒకాయన, పొలం గట్టున గొంగడి కప్పుకుని పడుకుంటే నాగుపాము అంచుదాకా వచ్చి, ఉన్ని గుచ్చుకోగానే మళ్లిపోయిందని రాశాడు. బీరయ్య ఎప్పటిలాగే నిజమే బాపు అన్నాడు. అబద్ధం ఏనుగంత ఉంటే జనం నవ్వి వదిలేస్తారు. ఎలుకంత ఉంటే ఇంట్లోకి రానిస్తారు. ఇది ఎలుకంతదే.

వానాకాలం నాట్లు మొదలయ్యేసరికి రైతులంతా పొలంలో పాము రాకుండా ఏం చేయాలని వెతకసాగారు. వెతికిన ప్రతివాడికీ మొట్టమొదట బీరయ్య సైటే కనబడింది. ఫోన్ మోగడం మొదలైంది. మగ్గం టకటకలాడింది. లింగవ్వ రాట్నం తిప్పీ తిప్పీ చెయ్యి వాచిందని తిడుతూనే మురిసిపోయింది. బీరయ్య మాత్రం, వానలకు చలి బాగా పడుతుంది కాబోలు అనుకున్నాడు.

నాగిరెడ్డిపేట నుంచి లస్మయ్య అనే రైతు బస్సెక్కి వచ్చేదాకా ఆయనకు సంగతి తెలియదు. లస్మయ్యది పోచారం ప్రాజెక్టు కింద వరి పొలం. ఇదివరకే ఒక గొంగడి కొన్నాడు, ఇప్పుడు బామ్మర్దికి ఇంకొకటి కావాలని వచ్చాడు. మాటల మీద, ఇప్పుడు తాను రాత్రిళ్లు నీళ్లు పెట్టడానికి లైటు కూడా పట్టుకుపోవడం లేదని, ఉత్త కాళ్లతోనే గట్లన్నీ తిరుగుతున్నానని గొప్పగా చెప్పాడు. బీరయ్యకు గుండె జారి మగ్గం గుంతలో పడ్డట్టయింది.

“లస్మయ్యా, గొంగడికి పాము భయపడదే. ఉన్నికి పాముకు ఏం సంబంధం లేదు.”

“నిజమే అని నువ్వే రాస్తివి గద.”

“మర్యాదకు రాసిన. కథ చెప్తుంటె కాదంటరా?”

లస్మయ్య ఆయన్ను ఎగాదిగా చూశాడు. “సరుకు తక్కువున్నదని చెప్పు బాపు, పోత. పెద్దోళ్లకు దాసిపెట్టి నాకెందుకు గీ మాటలు?”

ఎంత మొత్తుకున్నా వినలేదు. అలిగి, గొంగడి తీసుకోకుండానే బస్సెక్కాడు. ఎక్కేటప్పుడు చూస్తే కాళ్లకు చెప్పులు కూడా లేవు.

బీరయ్య అదే పూట కామారెడ్డి పోయి మేనల్లుడి ముందు కూర్చున్నాడు. ఆ ముచ్చట తీసెయ్యమన్నాడు. తీస్తే సైటు మళ్లీ పాతాళానికే పోతుందని శైలేందర్ భయపెట్టాడు. మగ్గం మాట గుర్తొచ్చి బీరయ్య ఆ పట్టు వదిలాడు. చివరికి, తీయకపోతే మాయె, అది అబద్ధమని కింద నా పేరుతో రాయమన్నాడు. రాశారు.

ఇక చూడండి తమాషా. అబద్ధమంటావా అని కొందరు విరుచుకుపడ్డారు. మా తాత చూశాడు, మా మేనత్త చూసింది, మా ఊళ్లో పాము స్వయంగా ఒప్పుకుంది అన్నంతదాకా సాక్ష్యాలు వచ్చాయి. తిట్టేవాళ్లు, వాళ్లను తిట్టేవాళ్లు కలిసి పేజీని చేంతాడంత చేశారు. సైటు ఇంకా పైకి లేచింది.

“తిట్టేటోళ్లు గూడ మనకు ఊరికె రాసిచ్చేటోళ్లే మామా,” అన్నాడు శైలేందర్. “నువ్వు కాదన్నకొద్ది పైకి పోతది.”

మగ్గం పోతే పోనీ అని బీరయ్య ఆ పేజీ మొత్తం చెరిపించాడు. తెల్లారేసరికి వేరేవాళ్ల సైట్లలో అదే ముచ్చట, ఆయన ఫొటోతో, ఆయన పేరుతో ప్రత్యక్షమైంది. పాము మందుల కంపెనీలు ఆయన నోరు నొక్కాయని కొత్త కథొకటి తోడైంది. ఇప్పుడు జవాబు చెబుదామన్నా ఆయనకు చోటు లేదు. పేజీని మళ్లీ తెరిపించక తప్పలేదు. వల తెంపబోయిన చేప ఇంకో రెండు చుట్లు చుట్టుకున్నట్టయింది.

రెండు మూడు రోజులు అన్నం సయించలేదు. కళ్లు మూస్తే లస్మయ్య ఉత్త పాదాలే. ఆఖరికి ఒక సాయంత్రం బస్సెక్కి నాగిరెడ్డిపేట పోయాడు. లస్మయ్య ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు, పలకరించలేదు. బీరయ్య పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

“నువ్వన్నదే కరెక్టు. నీ దగ్గర ఒక సంగతి దాసిన.”

లస్మయ్య చెవి ఇటు తిరిగింది.

“గొంగడిల ఉన్నది గొర్రె గుణం. గొర్రె ఒక్కతే నడుస్తదా? ముందట కుక్క ఉండాలె, ఎనక కట్టె ఉండాలె. గట్లనే గొంగడికి గూడ తోడు కావాలె. మోకాళ్లదాంక బూట్లు, చేతిల లైటు, ఇంకో చేతిల కట్టె. ఇవి లేకుంటె గొంగడి అలుగుతది. అలిగిన గొంగడి ఉన్నదొకటే, లేనిదొకటే.”

“గట్ల చెప్పు మరి,” అన్నాడు లస్మయ్య తృప్తిగా. అప్పటికప్పుడు కోడల్ని పిలిచి అటక మీది బూట్లు దింపమన్నాడు.

నిజం చెప్పినప్పుడు కదలని మనిషి అబద్ధానికి లేచి బూట్లు తొడుక్కున్నాడు. బీరయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికొచ్చి అదే సంగతి సైటులో రాశాడు. ఒక్కడంటే ఒక్కడు కాదనలేదు. మా తాత కూడా బూట్లతోనే పోయేవాడని మాత్రం నలుగురు రాశారు.

తర్వాత కొద్దిరోజులకు, పొద్దున్నే ఫోన్ వచ్చింది. డోంగ్లి నుంచి ప్రవళిక అనే ఆమె. మామ గడ్డి కోస్తుంటే కాలికి పాము కరిచిందట. గొంగడి కప్పి మంచం మీద పడుకోబెట్టారట.

“విషం ఎంతసేపట్ల దిగుతది బాపు?”

నిజం బీరయ్య నాలుక చివరిదాకా వచ్చింది. నిజం చెబితే ఆమె వాదిస్తుంది. వాదించేంత వ్యవధి లేదు.

“సర్కారు దవఖానల సూది పడ్డంకనే గొంగడి పని మొదలువెడ్తది బిడ్డా. పండవెట్టే తీస్కపోండ్రి, నడిపియ్యకుండ్రి. కోసుడు, కట్టుడు అసలే వద్దు, గొంగడికి పడది. జల్ది బండెక్కియ్యి.”

ఆ పూటంతా ఆయన ఒక్క పోగు కూడా నేయలేదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని మగ్గం గుంతలోనే కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా మళ్లీ ఆమే చేసింది. సమయానికి తెచ్చారని డాక్టరు అన్నాడట, మామ చాయ అడుగుతున్నాడట. బీరయ్య కండువాతో మొహం కప్పుకుని చాలాసేపు తీయలేదు.

మామ ఇంటికి చేరిన రోజున ప్రవళిక సైటులో ఫొటో పెట్టింది. మంచం మీద ముసలాయన, మెడదాకా నల్ల గొంగడి. బీరయ్య బాపు చెప్పినట్టు చేశాం, గొంగడే బతికించింది అని రాసింది. సూది మాట రాయనే లేదు. ఇక మనల్ని పైనుంచి దింపేవాడు పుట్టలేదని శైలేందర్ సంబరంగా ఫోన్ చేశాడు. లింగవ్వ కొత్త ఉన్ని మూట తెచ్చి పడేసింది.

ఆ ఫొటో కింద రాజంపేట ఆయన ఎవరో అప్పుడే అడుగుతున్నాడు. గొంగడి కొత్తదైతే దవఖానకు పోవాల్సిన పని ఉండదు కదా అని.

బీరయ్య చేతికంటిన, పోగులకు పెట్టే చింతగింజల గంజి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. కొత్త గొంగడికి ఓపిక తక్కువ, ఇంకా తొందరగా పోవాలి అని రాశాడు.