చిక్కబడ్డ నెత్తురు

డారెల్ పైబస్‌కి "ఎద్దు" అని పేరు పెట్టినవాడు క్లైవ్ మడ్జ్. క్యాన్సరు వచ్చి రెండు వృషణాలూ తీసేయించుకుని, కుట్లు మానీ మానకముందే డారెల్ దుంగలు నరికే పోటీలకి దిగే గొడ్డళ్లవాళ్ల షెడ్డుకి తిరిగొచ్చిన రోజున, క్లైవ్ పదిమందిలో బీరు గ్లాసు పైకెత్తి, "జరగండ్రా, విత్తులు కొట్టిన ఎద్దొచ్చింది, చోటివ్వండి" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. డారెల్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఆ షెడ్డులో మనిషి కింద జమకట్టరు మరి. కానీ బయటికొచ్చి కారులో కూర్చున్నాక స్టీరింగుని రెండు పిడికిళ్లతోనూ గుద్దాడు. వీణ్ణి ఇదే మందలో, ఇదే జనం ముందు పడగొట్టకపోతే నేను పుట్టి దండగ అనుకున్నాడు.

టాస్మేనియా ఉత్తరపు కొసనున్న ఆ ఊళ్లో మగవాడి పరువు దుంగ మీదే ఉంటుంది. తెల్ల బనీను, తెల్ల ప్యాంటు వేసుకుని నీలగిరి దుంగ మీదకెక్కి, తన రెండు కాళ్ల మధ్య నుంచే నరికి దాన్ని రెండు ముక్కలు చేసేవాడే అక్కడ మొనగాడు. అందరూ ఒక్కసారే మొదలుపెట్టరు. రిఫరీ ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడుతూ పోతాడు. చేతకానివాడు ముందు అంకెకి, చేతనైనవాడు వెనక అంకెకి గొడ్డలి ఎత్తాలి. క్లైవ్ ఇరవై దాకా ఆగేవాడు. ఒకప్పుడు డారెల్ కూడా అతని పక్కనే ఆగేవాడు. ఆపరేషన్ తరవాత పోటీలు నడిపే సంఘంవాళ్లు డారెల్‌కి మూడో అంకె ఇచ్చారు. అది అంకె కాదు, ముష్టి.

ఇక ఒంట్లో తయారుకాని మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ని డాక్టరు సూది మందుగా రాసిచ్చింది. రెండు వారాలకొకసారి పొడుచుకోవాలి. సంఘానికి కాగితం చూపించి అనుమతి కూడా తెచ్చుకున్నాడు. మొదటి నెలల్లోనే భుజాల్లోకి బలం తిరిగొచ్చింది. బలంతోపాటు కసీ లేచింది. రెండు వారాల మందు వారానికే పొడుచుకోవడం మొదలెట్టాడు, భార్య ఇలేన్‌కి తెలియకుండా, గొర్రెల కొట్టం వెనక నిలబడి.

అలా కొన్నాళ్లు గడిచేసరికి మొహం కాల్చిన ఇటుకలా అయింది. వేణ్నీళ్లు పోసుకుంటే ఒళ్లంతా దురద. పొద్దున్నే తలనొప్పి, చెవుల్లో హోరు. రక్తం పరీక్ష చూసి డాక్టరు కుర్చీలోంచి ముందుకి వంగింది. ఎర్రకణాల వాటా నూటికి యాభైనాలుగు దాటకూడదట, ఇతనికి యాభైయేడుంది. మందెక్కువై నెత్తురు ఇంత చిక్కబడితే ఎక్కడో అక్కడ గడ్డ కడుతుందని, మెదడుకి పోతే పక్షవాతమని, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలని, పిక్కలోంచి గడ్డ ఊపిరితిత్తులకెక్కితే మనిషి దక్కడని చెప్పింది. ఈ మాటలన్నీ ఇలేన్ కూడా పక్కనే కూర్చుని వింది.

ఆ రోజు నుంచీ ఇంట్లో పెత్తనం ఇలేన్‌ది. సూదుల డబ్బా ఆవిడ బీరువాలోకి చేరింది. మోతాదు సగానికి తగ్గింది. క్లినిక్కులో సంచీడు రక్తం తీయించింది. సిగరెట్లు పొయ్యిలోకి పోయాయి. గురక వల్ల రాత్రుళ్లు ఊపిరి ఆగి నెత్తురు ఇంకా చిక్కబడుతుందన్నారని, ఏనుగు తొండంలా గొట్టమున్న మాస్కు తగిలించుకుని పడుకోవాల్సొచ్చింది. ఆదివారం టిఫినయ్యాక వంటింటి బల్ల మీద బీపీ పట్టీ, వేలు పొడిచే సూది, నెత్తురు చిక్కదనం చూసే చిన్న మీటరు సిద్ధంగా ఉండేవి. ఒకసారి మీటరుని మోసం చెయ్యాలని ముందే కడుపు పగిలేలా నీళ్లు తాగాడు. ఇలేన్ అది కనిపెట్టి, మధ్యాహ్నం మళ్లీ పొడిచింది. మీటరు ఇంట్లో దారి చూపడానికేనని, అసలు లెక్క ల్యాబుదేనని మూణ్ణెల్లకోసారి అక్కడికీ లాక్కుపోయేది.

ఎర్రకణాల అంకె యాభైకి దిగింది. తలనొప్పి పోయింది. దాంతోపాటు అదనపు బలమూ పోయింది. ప్రాణం నిలిచింది గానీ పగ తీర్చుకునే దారి మూసుకుపోయిందని డారెల్ లోలోపల కుమిలిపోయాడు. ఈ బతుకు బతికి ఏం లాభం అని ఒకటి రెండుసార్లు పైకే అన్నాడు.

క్లైవ్ మాత్రం యాభై ఏళ్లు దాటాక కుర్రాడవుతున్నాడు. ఆ ఏడాది ఏ పోటీకెళ్లినా అతనిదే గెలుపు. ఊళ్లో ఏటా జరిగే పెద్ద పోటీల రోజు, షోకి మూడు వారాల ముందు ప్రాక్టీసయ్యాక షెడ్డులో స్నానాలు చేస్తుంటే, డారెల్ కళ్లు అతని వీపు మీద పడ్డాయి. భుజాల నిండా పదహారేళ్ల కుర్రాడికి లేచినట్టు మొటిమలు. వేణ్నీళ్లు తగలగానే చేతులూ ఛాతీ పరపరా గోక్కుంటున్నాడు. తువ్వాలు కప్పుకుని బల్ల మీద కూర్చుని కణతలు నొక్కుకున్నాడు. మొహం చూస్తే కాల్చిన ఇటుకే.

ఆ మొహాన్ని డారెల్ తన అద్దంలో నెలల తరబడి చూశాడు. ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తనని ఎద్దన్నవాడు ఆంబోతు కావాలని దొంగచాటుగా అదే మందు పొడుచుకుంటున్నాడు. డాక్టరు లేదు, పరీక్ష లేదు, వెనక నిలబడి కాపలా కాసే ఇలేన్ లేదు. డారెల్‌కి అంత సంతోషం పెళ్లినాడు కూడా కలగలేదు.

ఇంటికెళ్లి ఇలేన్‌కి చెప్పాడు. ఆవిడ కూరముక్కలు కోస్తున్న కత్తి పక్కన పెట్టింది.

"అతనికి చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను?"

"రేపెళ్లి చెప్పు. పక్కకి పిలిచి, చెవిలో చెప్పు. నీ రక్తపరీక్ష అంకెలు చూపించు."

"వాడు నన్నన్నది చెవిలో అన్నాడా? పదిమందిలో అన్నాడు."

"చచ్చిపోతాడు డారెల్."

"పోతే పోనీ. నేను చచ్చినంత పని అయినప్పుడు వాడు బీరు తాగుతూ నవ్వాడు."

ఇలేన్ అంతటితో వదల్లేదు. తరవాత కూడా రోజూ అడిగింది. చెప్తాలే, సమయం చూసి చెప్తా అని దాటేస్తూ వచ్చాడు. సమయం అతను నిజంగానే చూసుకుంటున్నాడు. షో రోజున, మైకు ముందు, ఊరంతా వింటుండగా వాడి గుట్టు రట్టు చెయ్యాలి. చెప్పినట్టూ ఉంటుంది, కసీ తీరుతుంది.

షో రోజు పొద్దున క్లైవ్ కుంటుతూ వచ్చాడు. ఎడమ పిక్క ప్యాంటులోంచి కూడా ఉబ్బి తెలుస్తోంది. ఎవరో అడిగితే కండ పట్టేసిందన్నాడు. నాలుగు అడుగులకోసారి ఆగి రొప్పుతున్నాడు. డారెల్ ఆ పిక్క వైపు చూసి, డాక్టరు చెప్పిన ప్రతి మాటా గుర్తు చేసుకున్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క బల్ల అడ్డం ఉంది, అంతే. లేచి వెళ్లలేదు. ఇంకో గంటలో మైకు వస్తుంది గదా అని కూర్చున్నాడు.

పోటీకి ముందు గొడ్డళ్లవాళ్లు ఒకరినొకరు ఏకిపారెయ్యడం అక్కడి ఆచారం. అనౌన్సర్ ఫెర్గస్ మైకు పట్టుకుని దుంగల మధ్య తిరుగుతాడు, ఎవరు ఎంత ఘాటుగా తిడితే జనం అంతగా చప్పట్లు కొడతారు. ఎదటివాడి గుండె జారాలన్నదే అందులో ఎత్తు. అక్కడ తిట్టినదాన్ని ఎవరూ మనసులో పెట్టుకోరు, నమ్మరు కూడా. మైకు మొదట క్లైవ్ దగ్గరికి వచ్చింది.

"మా ఎద్దుగారికి మూడో అంకె ఇచ్చారు," అన్నాడు రొప్పుతూనే. "ఇంకో రెండు అంకెలు ముందుకి జరపండి, పాపం, బండి కూడా లాగాలి."

జనం నవ్వారు. ఫెర్గస్ మైకు డారెల్ నోటి దగ్గర పెట్టాడు.

"నేను డాక్టరిచ్చిన సూది పొడుచుకుంటా. వీడు దొంగ సూది పొడుచుకుంటాడు," అన్నాడు డారెల్. ఇన్నేళ్ల విషమంతా గొంతులోకొచ్చింది. "వీడి ఒంట్లో నెత్తురు లేదు, బెల్లం పాకం ఉంది. ఆ పిక్క చూడండి, గడ్డ కట్టేసింది. ఇరవై లెక్కపెట్టేలోపు గుడ్లు తేలేస్తాడు, ఆంబోతుగారు."

మైదానమంతా గొల్లున నవ్వింది. ఈ ఏటికిదే మేటి తిట్టని ఫెర్గస్ మైకులో అరిచాడు. క్లైవ్ కూడా పగలబడి నవ్వి, వాచిన పిక్కని అరచేత్తో చరిచి చూపించాడు. మళ్లీ చప్పట్లు. డారెల్‌కి ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే నవ్వుతారేమిట్రా అనుకున్నాడు, మరుక్షణమే తన అంకె పిలిచారు.

గొడ్డలెత్తి నరికాడు. ప్రతి దెబ్బా క్లైవ్ మీదే వేస్తున్నట్టు వేశాడు. పెచ్చులు మొహానికి తగులుతున్నా కళ్లు మూయలేదు. వెనకెక్కడో లెక్క పదిహేను, పదహారు అని వినబడి, ఆ పైన ఆగిపోయింది. ఆగిందని అతనికి తట్టలేదు. దుంగ రెండుగా విడిపోయాక గొడ్డలి పైకెత్తి తిరిగి చూస్తే, మిగతావాళ్లెవరూ నరకడం లేదు. క్లైవ్ తన దుంగ పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. అతని గొడ్డలికి పెచ్చు కూడా అంటలేదు.

డారెల్‌కి ముందు కలిగింది ఆనందమే. పడ్డాడు, అందరి ముందూ పడ్డాడు అనిపించింది. ఆ తరవాతే గొడ్డలి వదిలేసి అటు పరుగెత్తాడు.

షోకి వచ్చిన అంబులెన్సు అమ్మాయి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని క్లైవ్ ఛాతీ నొక్కుతూ, ఇతనేమైనా మందులు వాడుతున్నాడా అని అడిగింది. గొడ్డళ్లవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డారెల్ ఆమె పక్కన వంగాడు.

"టెస్టోస్టిరాన్ సూదులు," అన్నాడు మెల్లగా. "డాక్టరు లేకుండా. నెత్తురు బాగా చిక్కబడి ఉంటుంది. ఎడమ పిక్కలో గడ్డ, పైకెక్కినట్టుంది."

షెడ్డులో చెవిలో చెప్పి ఉంటే ఇంతే సేపు పట్టేది.

"మీకెప్పుడు తెలిసింది?" అందామె చేతులాపకుండానే.

"మూడు వారాలైంది. కాలు పొద్దున చూశా."

చుట్టూ ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు. చాలాసేపటికి ఆ అమ్మాయి నొక్కడం ఆపి, క్లైవ్ మొహం మీద తువ్వాలు కప్పింది. ఇలేన్ జనంలోంచి వచ్చి డారెల్ ఎదురుగా నిలబడింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అంతా తెలిసుండి నేను కూడా నవ్వాను డారెల్," అంది. "నవ్వేలాగే చెప్పావు నువ్వు."