మోచెయ్యి ఆనిన చోటు

"ఆ లారీకి జర దుమ్ము కొట్టియ్యరాదు వనితా," అన్నాడు ముఖేష్, కుక్కర్ కడుగుతున్న భార్యతో. ఇంకో గిన్నె తోమమన్నట్టే అన్నాడు.

ముఖేష్ మిర్యాలగూడలో బొమ్మ వాహనాలు చేసి అమ్ముతాడు. అరచేతిలో పట్టేంత లారీలు, బస్సులు, ట్రాక్టర్లు. అచ్చం అసలు బండ్లలాగే ఉంటాయని పేరు. అయితే రంగు వేసి మెరిపించడం వరకే అతని పని. ఆ మెరుపు పోగొట్టి బండికి వయసు తెచ్చేది వనిత. నలుపు, గోధుమ రంగులు టర్పెంటైన్‌లో పలచగా కలిపి సందుల్లోకి పారించి, పైపైన గుడ్డతో తుడుస్తుంది. గిన్నెలు తోమే స్పాంజి ముక్కతో అంచుల మీద తుప్పు అద్దుతుంది. సుద్దపొడి మెత్తగా నూరి చక్రాల మీద చల్లి, రాలిపోకుండా మెరుపులేని వార్నిష్ పూస్తుంది. ఇదంతా ఎవరూ నేర్పలేదు. పదకొండేళ్లుగా ఇల్లు తుడుస్తున్న మనిషికి మురికి ఎక్కడ చేరుతుందో, చెయ్యి ఎక్కడ తగిలి రంగు అరుగుతుందో ఒకరు చెప్పాలా? "పిల్లలాట," అంటుంది అత్త అలివేలు. "సాయం చేస్తది," అంటాడు ముఖేష్, అదీ ఎవరైనా అడిగితేనే.

ఈ లారీ కోదాడ ఆర్డరు. స్వర్ణ అనే టీచరు, ముప్పయ్యేళ్లు లారీ నడిపిన తండ్రికి ఇవ్వడానికి ఆయన బండి పాత ఫొటో ఒకటి పంపింది. డ్రైవరు కూర్చునే వైపు అందులో కనబడదు. వనిత చాలాసేపు ఆలోచించింది. అగ్గిపుల్లకు తడిగుడ్డ చుట్టి, డ్రైవరు తలుపు మీద కిటికీ అంచున మెల్లగా రుద్ది, నారింజ రంగు కింద ఉన్న ఇనుప రంగు తేల్చింది.

"ఖరాబు చేసినవ్ గదనే!" అని ముఖేష్ అరిచాడు. మళ్లీ రంగు వేద్దామంటే వ్యవధి లేదు. తెల్లారి ఆదివారం, తండ్రీ కూతుళ్లు రానే వచ్చారు.

తండ్రి లక్ష్మీనర్సయ్య లారీని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పాడు. ఆయన వేలు తలుపు దగ్గర ఆగిపోయింది.

"గీడ నా మోచెయ్యి ఉండేది. ఫొటోల లేదు గద, నీకెట్ల తెల్సింది తమ్మీ?"

"అనుభవం సార్," అన్నాడు ముఖేష్.

"ఎట్ల అరగదీసినవ్?"

"బ్రష్‌తోని... జర కలర్ కలిపి..."

టీ పళ్లెంతో వచ్చిన వనిత భర్త ముఖం చూసింది. మొన్న బొమ్మ కొనడానికొచ్చిన సూర్యాపేట వాళ్ల ముందూ ఇదే మాట చెప్పాడు. అప్పుడు తను కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

"బ్రష్ కాదు పెద్దయ్యా," అంది. "అగ్గిపుల్లకు గుడ్డ సుట్టి నేనే అరగదీసిన. మా వంటింటి తలుపు గిట్లనే అరిగింది, నా చెయ్యి తగిలి తగిలి. ముప్పయ్యేండ్లు కిటికీల చెయ్యి పెట్టి నడిపితే ఇనుము తేలదా?"

"ఊకె ఏదో అంటది, దానికేం తెల్సు," అంది గడపలో నిలబడ్డ అలివేలు గబగబా.

పెద్దాయన ఆ మాట పట్టించుకోలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ పక్కపక్కన చాపాడు. కుడిచెయ్యి ఎండకు కమిలి ఎడమదాని కంటే బాగా నల్లగా ఉంది. "ఇది ఇంట్ల ఎవ్వరు సూడలే బిడ్డా," అన్నాడు. "మా దోస్తులయి ఇంక మూడు బండ్లున్నయ్. నువ్వే చెయ్యాలె."

స్వర్ణ ఫోన్ తీసింది. "మీ నంబర్ చెప్పండి అక్కా."

"నాకే చెయ్యండి మేడమ్," అన్నాడు ముఖేష్. "ఆమె ఫోన్ ఎత్తదు."

"ఎత్తుత," అంది వనిత. పళ్లెం బల్ల మీద పెట్టి, పది అంకెలూ ఒక్కొక్కటిగా చెప్పింది.